అల్జీమర్స్: ఇంటివారి చదువూ చికిత్సే

విశాఖపట్నం పారిశ్రామిక జీవితం 1933లో ఓడరేవుతో మొదలై, నౌకానిర్మాణ కేంద్రంతోను చమురుశుద్ధి కర్మాగారంతోను విస్తరించింది. 1966 నాటి ఉద్యమం సాధించిపెట్టిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితం కావడంతో ఆ జీవితానికి పూర్ణరూపం వచ్చింది. ఈ పరిశ్రమలలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి తరలివచ్చి మల్కాపురం, గాజువాక, కూర్మన్నపాలెం పరిసరాలలో స్థిరపడినవారు ఇప్పుడు అరవై, డెబ్భై, ఎనభై ఏళ్ళ వయసులో ఉన్నారు. వారి పిల్లలలో చాలామంది చదువుల కోసం, ఉద్యోగాల కోసం హైదరాబాదుకో, బెంగళూరుకో, అమెరికాకో వెళ్ళిపోవడం వల్ల, ఇంట్లో ఇద్దరు వృద్ధులే ఒకరికొకరు తోడుగా మిగిలిన కుటుంబాలు నగరంలో అన్ని వైపులా కనిపిస్తాయి.

ఈ తరంలో కొందరికి వచ్చే అల్జీమర్స్ వ్యాధి ఇతర దీర్ఘవ్యాధుల వంటిది కాదు. మధుమేహం ఉన్నవారు తమ మాత్ర తామే వేసుకోగలరు, రక్తపోటు ఉన్నవారు తమ కూరలో ఉప్పు తామే తగ్గించుకోగలరు. అల్జీమర్స్ మాత్రం తనకు జబ్బు ఉందని గుర్తుంచుకొని జాగ్రత్తపడే శక్తినే మనిషి నుంచి తీసేసుకుంటుంది కాబట్టి, చికిత్స భారమంతా ఇంటివారి మీద పడుతుంది. డాక్టరు నెలకో రెండు నెలలకో ఒకసారి కొద్ది నిమిషాలు చూస్తారు. మిగిలిన కాలమంతా చూసుకునేది భార్యో, కోడలో, కూతురో, కొడుకో. ఆ పని ఎలా చేయాలో వారికి నేర్పేవారు సాధారణంగా ఎవరూ ఉండరు. వ్యాధి గురించి కుటుంబానికి క్రమపద్ధతిలో నేర్పడం చికిత్సలో భాగమేనని, దాని ఫలితాన్ని మందు ఫలితాన్ని కొలిచినట్టే కొలవవచ్చునని గత కొన్ని దశాబ్దాల పరిశోధన చూపించింది. అందులో ముఖ్యమైన భాగం భారతదేశంలోనే జరిగింది.

మెదడులో జరిగేదేమిటి

జ్ఞాపకం, ఆలోచన, భాష, దిక్కు తెలియడం, మంచిచెడ్డలు తూచి నిర్ణయించుకోవడం వంటి శక్తులు క్రమంగా క్షీణించి, రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని దశకు మనిషి చేరుకుంటే ఆ స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. ఇది ఒక్క వ్యాధి పేరు కాదు. వేర్వేరు వ్యాధులు కలిగించే లక్షణాల సముదాయం. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియా ఒక రకం కాగా, అన్ని రకాలలోకి అధికంగా కనిపించేది అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉండగా, అందులో 60 నుంచి 70 శాతం వరకు అల్జీమర్స్ వల్ల వచ్చినదే. భారతదేశంలో 60 ఏళ్ళు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని, 2036 నాటికి ఈ సంఖ్య 1.69 కోట్లకు చేరుతుందని 2023లో ప్రచురితమైన జాతీయస్థాయి అధ్యయనం లెక్కగట్టింది. పురుషులలో కంటే స్త్రీలలోను, పట్టణాలలో కంటే పల్లెలలోను ఇది ఎక్కువగా ఉన్నట్టు కూడా ఆ అధ్యయనంలో తేలింది.

జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో ఆగస్టె డేటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని పరీక్షించి, ఆమె మరపును, అయోమయాన్ని, భర్త మీద పెంచుకున్న అకారణ అనుమానాన్ని వివరంగా నమోదు చేశాడు. 1906లో ఆమె మరణించాక ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అక్కడ కనిపించిన మార్పులను అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్ నగరంలో జరిగిన వైద్యుల సభకు నివేదించాడు. 1910లో ఎమిల్ క్రెపెలిన్ తన మనోరోగ పాఠ్యగ్రంథంలో ఈ వ్యాధికి అల్జీమర్ పేరు పెట్టాడు.

అల్జీమర్ చూసిన మార్పులు రెండు. మొదటిది, నాడీకణాల మధ్య అమైలాయిడ్ బీటా అనే ప్రోటీను ముక్కలు గడ్డలుగా పేరుకుపోవడం. రెండవది, కణాల లోపల పోషకాల రవాణాకు తోడ్పడే టౌ అనే ప్రోటీను ఆకారం చెడి పీచులుగా చిక్కుపడిపోవడం. ఈ మార్పులు పైకి లక్షణాలు కనిపించడానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మొదలవుతాయి. క్రమంగా నాడీకణాల మధ్య సంబంధాలు తెగి, కణాలు చనిపోయి, మెదడు కుంచించుకుపోతుంది.

చాలామందిలో ముందుగా దెబ్బతినే భాగాలలో ముఖ్యమైనది హిప్పోక్యాంపస్. చెవుల పైభాగాన, మెదడు లోపలి వైపు రెండు పక్కలా ఉండే ఈ చిన్న భాగం కొత్త అనుభవాలను జ్ఞాపకాలుగా మార్చి మెదడులో నిలవచేసే పని చూస్తుంది. ఓడరేవులో బెర్తు దెబ్బతింటే కొత్తగా వచ్చిన ఓడల సరుకు దిగదు కాని, అంతకుముందే గోదాముకు చేరిన సరుకు చాలాకాలం భద్రంగానే ఉంటుంది; అల్జీమర్స్ తొలిదశలో మనిషి స్థితి అటువంటిదే. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు, నలభై ఏళ్ళ కిందటి షిఫ్టు ఇన్‌చార్జి పేరు గుర్తుంటుంది. ఈ తేడా తెలియని ఇంటివారు, పాతవన్నీ గుర్తున్న మనిషి ఇప్పుడు చెప్పినది కావాలనే పట్టించుకోవడం లేదని అనుకొని నొచ్చుకుంటారు. కుటుంబం నేర్చుకోవలసిన తొలి పాఠం ఇక్కడే ఉంది: మనిషి మొండికేయడం లేదు, కొత్త విషయాన్ని నిలుపుకొనే యంత్రాంగమే దెబ్బతిన్నది.

చాదస్తమా, వ్యాధా

వయసు మీదపడినప్పుడు తాళంచెవులు ఎక్కడ పెట్టారో మరిచిపోవడం, తెలిసినవారి పేరు సమయానికి నోటికి రాకపోవడం సహజం. అవి కాసేపటికి గుర్తుకొస్తాయి, జీవితానికి అడ్డుపడవు. తాళంచెవులు దేనికో తెలియకపోవడం, ఏళ్ళ తరబడి తిరిగిన దారిలో ఇల్లు కనుక్కోలేకపోవడం, ఎప్పుడూ చేసే పులుసులో ఏ తరువాత ఏది వేయాలో తోచకపోవడం, లెక్కల్లో దిట్ట అనిపించుకున్నవారు పాలవాడికి డబ్బు ఇవ్వలేక తికమకపడటం వంటివి మాత్రం వైద్యుడికి చూపించవలసిన సూచనలు. పెద్దతనంలో ఇవన్నీ మామూలేనని, చాదస్తమని సరిపెట్టుకోవడం వల్ల అనేక కుటుంబాలు వ్యాధి మధ్యదశకు చేరేవరకు ఆస్పత్రి గడప తొక్కవు.

త్వరగా చూపించడానికి రెండు బలమైన కారణాలున్నాయి. మొదటిది, మతిమరుపు కలిగించే పరిస్థితులలో కొన్నిటికి పూర్తిస్థాయి చికిత్స ఉంది: బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ గ్రంథి మందగించడం, దీర్ఘకాలపు దిగులు వ్యాధి, తలకు దెబ్బ తగిలాక పుర్రె లోపల నెమ్మదిగా రక్తం గడ్డకట్టడం, కొన్ని మందుల దుష్ప్రభావం వంటివి ఈ కోవలోకి వస్తాయి. రక్తపరీక్షలు, సీటీ లేదా ఎంఆర్ఐ స్కానింగు చేయించేది ముఖ్యంగా వీటిని వేరుచేసి చూడటానికే. రెండవది, వ్యాధి అల్జీమర్స్ అని తేలినప్పుడు, రోగి తన మాట తాను చెప్పగలిగిన కాలంలోనే ఇంటి వ్యవహారాల మీద, భవిష్యత్తులో తనకు కావలసిన వైద్యం మీద అభిప్రాయం తెలుసుకునే అవకాశం దక్కుతుంది.

జ్ఞాపకశక్తి పరీక్షలు రోగి మాతృభాషలో, అతని చదువు స్థాయికి తగినట్టు ఉండాలి. లేకపోతే బడికి వెళ్ళని మనిషికి లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంటుంది. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఆడెన్‌బ్రూక్స్ పరీక్షను తెలుగుకు అనువుగా మలచి వాడుకలోకి తెచ్చింది. అదే బృందం డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి, రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు ఒకే భాష మాట్లాడేవారి కంటే సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించిందని 2013లో ప్రకటించింది. జీవితమంతా మెదడుకు పెట్టిన పని వృథా కాదనడానికి తెలుగునేల నుంచి ప్రపంచానికి అందిన సాక్ష్యం ఇది.

మందుల విషయంలో కుటుంబానికి స్పష్టత అవసరం. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ అనే మందులు నాడీకణాల మధ్య సందేశాలు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం త్వరగా విచ్ఛిన్నం కాకుండా చూస్తాయి. మెమాంటిన్ మరో దారిలో పనిచేస్తుంది. ఇవి కొంతకాలం లక్షణాలను తేలికపరుస్తాయే కాని వ్యాధిని ఆపవు. పేరుకున్న అమైలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పూర్తి ఆమోదం ఇచ్చింది. తొలిదశలో ఉన్నవారిలో ఇది క్షీణతను కొంత నెమ్మదింపజేయగలదు కాని, పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేలేదు, మెదడులో వాపు, రక్తస్రావం వంటి ప్రమాదాల దృష్ట్యా తరచు స్కానింగు అవసరమవుతుంది. వ్యాధి నయమవుతుందన్న ఆశతో చేతిలోని డబ్బంతా ఊరూరి వైద్యాలకు పోసే కుటుంబాలకు ఈ పరిమితులను మొదటిరోజే నిజాయితీగా చెప్పడం మేలు.

ప్రవర్తనకు కారణం వెతకడం

చూసుకునేవారిని అన్నిటికంటే అలసిపోయేలా చేసేది మరపు కాదు, ప్రవర్తనలో వచ్చే మార్పు. అడిగినదే అడగటం, దొంగతనం అంటగట్టడం, సాయంత్రం కాగానే అలజడిపడటం, స్నానానికి ఎదురుతిరగడం, రాత్రి లేచి బయటికి బయలుదేరడం వంటివాటిని మనిషి స్వభావం చెడిపోవడంగా భావిస్తే ఇంట్లో కోపం, అవమానం మిగులుతాయి. వాటిని లక్షణాలుగా గుర్తిస్తే కారణం వెతకడం సాధ్యమవుతుంది. కుటుంబ శిక్షణ అంతటికీ కీలకం ఈ మార్పులోనే ఉంది.

అత్తగారు తన గొలుసు కోడలే తీసిందని నలుగురిలో అంటే, ఆ మాట వెనుక మెదడులో జరిగినది ఇది: గొలుసును తాను బియ్యం డబ్బాలో దాచిన సంగతి జ్ఞాపకంగా నమోదు కాలేదు, గొలుసు కనబడకపోవడం మాత్రం కళ్ళెదుట ఉన్న నిజం, ఆ రెండిటి మధ్య ఖాళీని మెదడు తనకు తోచిన వివరణతో పూరించుకుంది. ఎక్కువసేపు దగ్గరుండి సేవ చేసే మనిషి మీదనే నింద పడటానికి కారణం ద్వేషం కాదు, సామీప్యం. నేను తీయలేదని వాదించడం కంటే, "గొలుసు కనబడకపోతే కంగారే కదత్తయ్యా, రండి ఇద్దరం వెతుకుదాం" అనడం, ఆమె తరచుగా వస్తువులు దాచే చోట్లు గమనించి పెట్టుకోవడం పనికొస్తాయి.

ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్ళు షిఫ్టులలో పనిచేసినవారు, పదవీ విరమణ చేసి ఎంతకాలమైనా, రాత్రి లేచి క్యారేజీ కట్టమని, డ్యూటీకి బస్సు దాటిపోతుందని తొందరపెట్టవచ్చు. పరిశ్రమ కోసం భూములు ఇచ్చిన నిర్వాసిత గ్రామాల పెద్దలు మా ఊరికి పోతానని బయలుదేరవచ్చు. వారు అడిగే ఊరు కర్మాగారం ప్రాంగణంలో కలిసిపోయి దశాబ్దాలు గడిచాయి. రిటైరై పదేళ్ళయిందని, ఆ ఊరు ఇప్పుడు లేదని పదేపదే చెప్పడం వల్ల ఆ సమాచారం నిలవదు సరికదా, చెప్పిన ప్రతిసారీ కొత్త దెబ్బలా తగులుతుంది. డ్యూటీ అంటే తాను పనికివచ్చే మనిషినన్న భావన, ఊరంటే భద్రత. ఆ భావాలకు జవాబు ఇవ్వడమే సరైన మార్గం. ఫర్నేస్ దగ్గర పని ఎలా ఉండేదండీ అని అడిగి మాట్లాడించడం, ఊళ్ళో చెరువు గురించి, అమ్మవారి పండుగ గురించి చెప్పించడం, చేతికి మడతపెట్టే బట్టలో వలిచే బఠాణీలో ఇవ్వడం వంటివి ఆ ఆత్రుతను చల్లారుస్తాయి.

ఈ మెళకువకు ప్రయోగశాలలో ఆధారం దొరికింది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో 17 మంది అల్జీమర్స్ రోగులకు దుఃఖం కలిగించే, సంతోషం కలిగించే సినిమా దృశ్యాలు చూపించారు. కాసేపటికే వారు ఆ దృశ్యాలలో చాలావాటిని మరిచిపోయారు, కాని వాటివల్ల కలిగిన దుఃఖం, సంతోషం అరగంట దాకా వారిలో నిలిచే ఉన్నాయి. ఎవరు కసురుకున్నారో, ఎందుకు కసురుకున్నారో గుర్తుండకపోయినా ఆ కసురు మిగిల్చిన బాధ ఉండిపోతుందని, ఎవరు నవ్వించారో మరిచినా ఆ తేలికదనం ఉండిపోతుందని ఈ ఫలితం సూచిస్తుంది. ఎలాగూ గుర్తుండదు కదా అన్న మాటకు ఇది శాస్త్రం ఇచ్చే సమాధానం.

ఇబ్బంది కలిగించే ప్రవర్తన ఎదురైనప్పుడు మూడు విషయాలను ఒక పుస్తకంలో రాసుకోవడం శిక్షణలో నేర్పే పద్ధతి: దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు ఏం చేశారు, తరువాత ఇంటివారు ఎలా స్పందించారు. వారం రోజులు రాసి చూస్తే, సాయంత్రపు అలజడి టీవీ గట్టిగా మోగే వేళకో, గది చీకటిపడే వేళకో, మధ్యాహ్నం ఎక్కువసేపు నిద్రపోయిన రోజులకో ముడిపడి ఉన్నట్టు తెలియవచ్చు. కారణం దొరికితే మార్చవలసింది పరిసరాన్నే గాని మనిషిని కాదని కూడా తెలుస్తుంది.

అయితే గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో అయోమయం హఠాత్తుగా పెరిగితే అది అల్జీమర్స్ ముదరడం అనుకోకూడదు. మూత్రనాళ ఇన్ఫెక్షను, మలబద్ధకం, జ్వరం, ఒంట్లో నీరు తగ్గడం వంటివి వృద్ధుల మెదడును ఒక్కసారిగా కుదిపే డెలీరియం అనే స్థితిని తెస్తాయి. ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖ వేసవిలో దాహం వేస్తోందని చెప్పలేని మనిషికి గంట గంటకూ మజ్జిగో నీళ్ళో అందించడం చికిత్సతో సమానమైన జాగ్రత్త. అలాగే అలజడిని అణచడానికి వాడే యాంటీసైకోటిక్ మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులలో మరణ ప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది కాబట్టి, మత్తు మాత్రలను మందుల షాపులో సొంతంగా కొని వేయడం ప్రాణాంతకం కావచ్చు.

ఇల్లు, వీధి, తుఫాను

అల్జీమర్స్ ఉన్నవారికి కొత్తచోటు, కొత్త క్రమం శత్రువుల వంటివి. ఉద్యోగ విరమణ తరువాత ఉక్కునగరం క్వార్టరు ఖాళీచేసి అపార్ట్‌మెంటుకు మారడం, అన్నదమ్ముల మధ్య నెలలవారీగా తల్లిదండ్రులను పంచుకోవడం వంటి మార్పులు ఆరోగ్యవంతులకు చిన్నవే అయినా, వీరిని దారి తెలియని స్థితికి నెడతాయి. మంచం, దేవుడి పటం, వాలుకుర్చీ పాత వరసలోనే ఉంచడం, స్నానాల గది తలుపు మీద బొమ్మ అతికించడం, రాత్రి దీపం వెలిగించి ఉంచడం, నేల మీద నీళ్ళు లేకుండా చూడటం, వంటింట్లో గ్యాస్ రెగ్యులేటరు కట్టివేయడం, మందులు, ఫినాయిలు అందని చోట పెట్టడం ఖర్చులేని ఏర్పాట్లు. అద్దంలో తన ముఖమే పరాయి మనిషిగా కనిపించి భయపడేవారికి అద్దం మీద గుడ్డ కప్పితే చాలు.

తప్పిపోవడం ఈ నగరంలో నిజమైన ప్రమాదం. ఆర్టీసీ కాంప్లెక్సు, పూర్ణా మార్కెట్టు, సాగరతీరం వంటి రద్దీ ప్రదేశాలలోను, ఆషాఢ పౌర్ణమి వేళ లక్షలమంది సింహాచలం కొండ చుట్టూ నడిచే గిరిప్రదక్షిణలోను చేయి వదిలితే మనిషిని వెతకడం కష్టం. పేరు, ఇంటివారి ఫోను నంబరు ఉన్న కార్డు జేబులోనో, కడియం రూపంలో చేతికో ఉండటం, తాజా ఫొటో ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవడం, కాపలాదారుకి, ఎదురింటివారికి, వీధి చివర టీ దుకాణం వారికి విషయం చెప్పి ఉంచడం అవసరం. జబ్బు సంగతి దాచడం వల్ల పరువు నిలవదు, సాయం చేయగలిగినవారు మాత్రం దూరమవుతారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని తాకినప్పుడు కరెంటు, నీళ్ళు, ఫోన్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. అటువంటి వేళ దినచర్య ఒక్కసారిగా తెగిపోయి, చీకటి, హోరు కలిసి డిమెన్షియా ఉన్నవారిని తీవ్రంగా బెదరగొట్టగలవు. తీరనగరంలో అల్జీమర్స్ కుటుంబం తుఫాను కాలానికి ముందే రెండు వారాల మందులు, టార్చిలైట్లు, మందుల చీటీ నకలు, మనిషికి ఇష్టమైన దుప్పటి, అలవాటైన తినుబండారాలు ఒక సంచిలో సిద్ధం చేసుకోవడం, ఖాళీచేయవలసివస్తే ఎవరింటికి వెళ్ళాలో నిర్ణయించుకోవడం శిక్షణలో చేర్చవలసిన పాఠం.

చూసుకునేవారికి నేర్పితే ఏమవుతుంది

సంరక్షణ భారం ఎక్కువ ఇళ్ళలో స్త్రీల మీదనే, తరచు సొంత ఆరోగ్యం కూడా అంతంతమాత్రంగా ఉన్న అరవై ఏళ్ళ భార్య మీదనో, ఉద్యోగం మానుకున్న కోడలి మీదనో పడుతుంది. నిద్రలేమి, నడుము నొప్పి, దిగులు, బంధువులతో రాకపోకలు తెగిపోవడం, అప్పుడప్పుడు అరిచినందుకు పశ్చాత్తాపం కలిసి చూసుకునేవారినే రోగులుగా మారుస్తాయి.

పేద, మధ్యతరగతి దేశాలలో ఈ సమస్యను అధ్యయనం చేయడానికి 1998లో ఏర్పడిన పరిశోధక బృందం తనకు 10/66 అని పేరు పెట్టుకుంది. ప్రపంచంలో డిమెన్షియా ఉన్నవారిలో 66 శాతం వర్ధమాన దేశాలలో ఉండగా, పరిశోధనలో పది శాతం కూడా ఆ దేశాల గురించి జరగడం లేదన్న వాస్తవం ఆ పేరులోని అంకెలకు మూలం. ఈ బృందం రూపొందించిన శిక్షణ చాలా సులువైనది. వారానికి ఒకసారి, అరగంట చొప్పున, అయిదు వారాలు: మొదటి వారం ఇంటి పరిస్థితి, కుటుంబానికి ఉన్న అవగాహన తెలుసుకోవడం, తరువాతి రెండు వారాలు వ్యాధి స్వరూపం వివరించడం, చివరి రెండు వారాలు ఆ ఇంట్లో ఎదురవుతున్న ప్రవర్తనలను ఎలా ఎదుర్కోవాలో నేర్పడం. నిపుణులే రానవసరం లేదు, కొద్దిపాటి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చాలు.

గోవాలో అమిత్ డయాస్, విక్రమ్ పటేల్ తదితరులు ఇదే దారిలో 81 కుటుంబాలతో నిర్వహించి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, స్థానికంగా ఎంపికచేసి శిక్షణ ఇచ్చిన కార్యకర్తలు ఆరు నెలలపాటు ఇళ్ళకు వెళ్ళి వ్యాధి గురించి చెప్పారు, ప్రవర్తనలకు ఉపాయాలు నేర్పారు, అవసరమైనప్పుడు వైద్యుడితో కలిపారు. ఈ సాయం అందిన ఇళ్ళలో చూసుకునేవారి మానసిక ఆరోగ్యం మెరుగుపడింది, రోగి ప్రవర్తన వల్ల వారికి కలిగే వేదన తగ్గింది. లండన్‌లో 260 మంది సంరక్షకులతో జరిపి 2013లో ప్రచురించిన ప్రయోగంలో, మనస్తత్వశాస్త్ర పట్టభద్రులు ఎనిమిది విడతలుగా ఇచ్చిన శిక్షణ దిగులును, ఆందోళనను తగ్గించింది. న్యూయార్క్‌లో మేరీ మిట్టెల్మన్ బృందం 406 మంది భార్యాభర్తలైన సంరక్షకుల మీద జరిపిన సుదీర్ఘ అధ్యయనంలో, సలహా, కుటుంబ సమావేశాలు, తోటివారి తోడు దొరికినవారు రోగిని ఇంట్లోనే ఉంచుకోగలిగిన కాలం మధ్యస్థంగా 557 రోజులు పెరిగిందని 2006లో వెల్లడైంది.

న్యూయార్క్ పద్ధతిలో కుటుంబ సమావేశానికి ఇచ్చిన ప్రాధాన్యం తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా అన్వయిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో పది నిమిషాలు మాట్లాడి నాన్న బాగానే ఉన్నారు కదా అనడం, దగ్గరున్న చెల్లెలు రాత్రంతా మేలుకుంటున్నట్టు అతనికి తెలియకపోవడం, ఆ పైన ఇద్దరి మధ్య మాటలు పట్టింపులుగా మారడం తరచుగా జరిగే విషయం. అందరినీ ఒకసారి కూర్చోబెట్టి వ్యాధి స్థితిని ఒకేవిధంగా వివరించి, ఎవరు డబ్బు చూడాలో, ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్ళాలో, ఏ నెలలో ఎవరు సెలవు పెట్టి వచ్చి చూసుకునేవారికి విశ్రాంతి ఇవ్వాలో రాసుకోవడం మందు కంటే తక్కువ ఫలితం ఇచ్చే పని కాదు.

ముందుగా చక్కబెట్టవలసిన వ్యవహారాలు

వ్యాధి తొలిదశలో కుటుంబానికి చెప్పవలసిన పాఠాలలో చట్టం, డబ్బు కూడా ఉన్నాయి. భారత చట్టం ప్రకారం పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగిసిపోతుంది, వీలునామా చెల్లాలంటే రాసేనాటికి రాసేవారి మనసు స్థిమితంగా ఉండాలి. కాబట్టి సంతకం పెట్టగలిగినన్నాళ్ళు ఆగి, ఆ తరువాత తొందరపడితే కోర్టు గుమ్మం ఎక్కడం తప్ప దారి ఉండదు. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉమ్మడిగా మార్చడం, నామినీ పేర్లు సరిచూడటం, బీమా కాగితాలు ఒకచోట చేర్చడం తొలి నెలల్లోనే జరగాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, భవిష్యత్తులో తనకు ఎటువంటి వైద్యం కావాలో, వద్దో ముందుగా రాసిపెట్టే హక్కును, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కును మనిషికి ఇచ్చింది. సలహా కోసం ఫోను చేయడానికి మానసిక ఆరోగ్యానికి టెలి-మానస్ 14416, వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567 ఉన్నాయి.

ఈ నగరం చేయగలిగినది

లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలను గుర్తించి, వాటిని జీవితకాలంలో పూర్తిగా అదుపుచేయగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. వాటిలో వినికిడి లోపం, వాయు కాలుష్యం, అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, తలకు గాయాలు, ఒంటరితనం ఉన్నాయి. యంత్రాల హోరులో పనిచేసే కార్మికుల చెవులకు రక్షణ, ఏటేటా వినికిడి పరీక్ష, వినికిడి తగ్గినవారికి శ్రవణ యంత్రం, స్కూటరు నడిపేవారికి హెల్మెట్, బొగ్గు, ముడి ఖనిజాల ధూళికి కళ్ళెం అనేవి ఓడరేవు, ఉక్కు పరిశ్రమలున్న నగరంలో మెదడు ఆరోగ్యానికి సంబంధించిన చర్యలు కూడా. తండ్రిని చూసుకుంటున్న కొడుకుకు తన రక్తపోటు సంగతి గుర్తుచేయడం ఈ శిక్షణలో సహజంగా చేరవలసిన అంశం.

శిక్షణ ఇవ్వడానికి కావలసిన మనుషులు, చోట్లు విశాఖకు కొత్తగా సమకూర్చుకోనవసరం లేదు. 1923 నుంచి ఉన్న ఆంధ్ర వైద్య కళాశాల, కింగ్ జార్జ్ ఆస్పత్రి, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, ఉక్కునగరంలో ఉద్యోగుల కోసం నడిచే ఆస్పత్రి, మనస్తత్వశాస్త్రం బోధించే ఆంధ్ర విశ్వవిద్యాలయం, వీధి వీధి తెలిసిన ఆశా కార్యకర్తలు, పదవీ విరమణ చేసినవారి సంఘాలు, కార్మిక సంఘాలు ఇక్కడే ఉన్నాయి. లండన్ ప్రయోగంలో పాఠాలు చెప్పింది మనస్తత్వశాస్త్ర పట్టభద్రులే, గోవాలో చెప్పింది స్థానిక కార్యకర్తలే. పెన్షనుదారులు ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి వచ్చే నవంబరు నెల, మతిమరుపు సూచనల గురించి ఆ తరానికీ వెంట వచ్చిన ఇంటివారికీ ఒకేసారి చెప్పడానికి అనువైన సమయం. 1992లో కేరళలో పుట్టిన భారత అల్జీమర్స్ సంఘానికి ఉన్న అనుభవం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సంరక్షకుల కోసం 2019లో వెలువరించిన ఐసపోర్ట్ పాఠాలు ఇందుకు ఆధారంగా అందుబాటులో ఉన్నాయి. కావలసింది వాటిని ఉత్తరాంధ్ర ఇళ్ళలో మాట్లాడే తెలుగులో, ఆ ఇళ్ళ వంట, పూజ, పండుగ, బంధుత్వాలకు తగినట్టు మలచుకోవడం.

అల్జీమర్స్‌కు పూర్తి మందు దొరికే రోజు కోసం శాస్త్రవేత్తలు పనిచేస్తూనే ఉన్నారు. ఆ రోజు వచ్చేలోగా ఈ నగరంలో వేల ఇళ్ళలో రాత్రులు గడవాలి, స్నానాలు చేయించాలి, అన్నాలు తినిపించాలి, నిందలు ఓర్చుకోవాలి. ఆ పని చేస్తున్నవారికి పని నేర్పకుండా ఓర్పు మాత్రమే ఆశించడం న్యాయం కాదు. వ్యాధి నిర్ధారణ అయిన రోజున డాక్టరు రాసే చీటీలో మాత్రల పేర్ల కింద, ఇంటివారు మొదటి పాఠానికి ఏ తేదీన, ఎక్కడికి రావాలో కూడా రాసి ఇవ్వడం మొదలైతే, విశాఖలో అల్జీమర్స్ చికిత్స పూర్తి రూపం తీసుకోవడం మొదలైనట్టే.